గద్దె దించాక జీతాలెవరిస్తారు?

2003 మే 23న బాగ్దాద్‌లో ఒక ఉత్తర్వు మీద సంతకం పడింది. పెట్టింది పాల్ బ్రెమర్. ఇరాక్‌ను ఆక్రమించుకున్న సంకీర్ణ సేనల తరఫున దేశపాలన చూడమని వాషింగ్టన్ పంపిన అధికారి ఆయన. ఊళ్లో అడుగుపెట్టి రెండు వారాలు కూడా కాలేదు. రెండో నంబరు ఉత్తర్వుగా పేరుపడ్డ ఆ కాగితంతో ఇరాక్ సైన్యం, రక్షణ శాఖ, గూఢచారి సంస్థలు అన్నీ రద్దయిపోయాయి. ఒక్క సైన్యంలోనే దాదాపు 4 లక్షలమంది ఉండేవారు. అంతకు వారం ముందు, మే 16న వచ్చిన మొదటి నంబరు ఉత్తర్వు సద్దాం హుస్సేన్‌కు చెందిన బాత్ పార్టీలో పై నాలుగు అంచెల సభ్యులందరినీ ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేసింది. ఒక దేశంలో తుపాకీ పట్టడం తెలిసినవాళ్లకూ, ఆఫీసు నడపడం తెలిసినవాళ్లకూ వారం వ్యవధిలో జీతం ఆగిపోయింది.

సద్దాం హుస్సేన్ ప్రభుత్వాన్ని పడగొట్టడానికి పట్టింది మూడు వారాలు. మార్చి 20న దాడి మొదలైతే ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. మే 1న విమానవాహక నౌక మీద నిలబడి అధ్యక్షుడు జార్జి బుష్ ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించారు. ఇల్లు అలకగానే పండగ కాదని ఆ సమయంలో వైట్‌హౌస్‌కు చెప్పగలిగినవాళ్లు లేకపోలేదు. వాళ్లను ముందే పక్కకు నెట్టేశారు. ఎందుకు నెట్టేశారన్నదే ఈ కథలో అసలు సంగతి.

శత్రు ప్రభుత్వం మీద ఒక దేశం దండెత్తినప్పుడు ఎందుకు వెళ్లారు, అది న్యాయమేనా అన్న రెండు ప్రశ్నల చుట్టూనే వాదాలు నడుస్తాయి. ఆ తర్వాత ఏమైందన్నది వేరే అధ్యాయంగా, చరిత్రకారుల పనిగా మిగిలిపోతుంది. నిజానికి ఈ రెంటికీ తెగని ముడి ఉంది. ఏ కారణం చెప్పి జనాన్ని, పార్లమెంటును, ఐక్యరాజ్య సమితిని ఒప్పించారో ఆ కారణమే ఆక్రమణ తర్వాత చేతులు కట్టేస్తుంది. ఇరాక్, లిబియా రెండూ దీనికి సాక్ష్యాలే. కారణం చెప్పే విషయంలో మొహమాటపడని వియత్నాం, టాంజానియాల కథ కొంచెం వేరుగా నడిచింది. అది మంచిగా నడిచిందని మాత్రం అనలేం.

అందరూ ఒప్పుకున్న కారణం

సద్దాంను దించాలన్న కోరిక 2001 సెప్టెంబరు 11 తర్వాత పుట్టింది కాదు. 1998 అక్టోబరులోనే అమెరికా కాంగ్రెస్ ఇరాక్ విమోచన చట్టం చేసింది, బిల్ క్లింటన్ సంతకం పెట్టారు. ఇరాక్‌లో ప్రభుత్వం మారడమే అమెరికా విధానమని ఆ చట్టం బాహాటంగా చెప్పింది. 1991 గల్ఫ్ యుద్ధం సగంలో ఆగిపోయిందన్న అసంతృప్తి రిపబ్లికన్ వర్గాల్లో ఉండేది. పశ్చిమాసియాలో ఒక ప్రజాస్వామ్యాన్ని నిలబెడితే చుట్టుపక్కల దేశాలు కూడా మారతాయని నమ్మినవాళ్లు ఉన్నారు. ఇజ్రాయెల్ భద్రత గురించి ఆలోచించినవాళ్లూ, సౌదీ అరేబియాలో అమెరికా దళాలు ఉండటం వల్ల వస్తున్న చిక్కులు తీరాలని కోరుకున్నవాళ్లూ ఉన్నారు. జంట భవనాల దాడి తర్వాత అమెరికా బలం ఏమిటో లోకానికి చూపించాలనుకున్నవాళ్లు ఉండనే ఉన్నారు.

ఇన్ని కోరికల్లో ఏ ఒక్కటీ అన్ని శాఖలకూ నచ్చేది కాదు. రక్షణ శాఖలో రెండో స్థానంలో ఉన్న పాల్ వుల్ఫోవిట్జ్ యుద్ధమయ్యాక ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఈ సంగతి దాచుకోలేదు. ప్రభుత్వ యంత్రాంగంలో అందరూ ఒప్పుకోగలిగిన ఒకే ఒక్క కారణం కాబట్టి సామూహిక విధ్వంసక ఆయుధాల మీద స్థిరపడ్డామని చెప్పారు. 2003 ఫిబ్రవరి 5న విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ముందు చేసిన ప్రదర్శనకు మూలం ఇదే. ఐక్యరాజ్య సమితి తరఫున హాన్స్ బ్లిక్స్ నడిపిన తనిఖీ బృందాలు అప్పటికే ఇరాక్‌లో తిరుగుతున్నాయి, ఆయుధ నిల్వలేవీ దొరకలేదు. యుద్ధం తర్వాత అమెరికాయే వేసిన ఇరాక్ సర్వే గ్రూపు 2004లో తేల్చింది కూడా అదే. సద్దాం మాత్రం తన దగ్గర ఏమీ లేదంటూనే తనిఖీలకు పూర్తిగా సహకరించకుండా నాన్చాడు. ఇరాన్‌కు తన బలహీనత తెలిసిపోతుందన్న భయం వల్లే అలా చేశానని పట్టుబడ్డాక విచారణలో చెప్పాడు.

చమురు కోసమే యుద్ధమన్నది మన దగ్గర టీ కొట్టు నుంచి టీవీ చర్చ దాకా వినిపించే మాట. అందులో నిజం లేకపోలేదు. గల్ఫ్‌లో చమురు లేకపోతే అక్కడి నియంతల గురించి వాషింగ్టన్ ఇంత పట్టించుకునేది కాదు. అయితే బావులు కొట్టేయడానికే వెళ్లారన్న సరళమైన వాదన 2009 వేలంపాటల దగ్గర తేలిపోతుంది. అన్నిటికంటే పెద్దదైన రుమైలా క్షేత్రం బ్రిటన్‌కు చెందిన బీపీకి, చైనా ప్రభుత్వ చమురు కంపెనీకి కలిపి దక్కింది. వెస్ట్ కుర్నా రెండో భాగం రష్యా కంపెనీ లుకాయిల్‌కు పోయింది.

చెప్పిన కారణానికీ, ఆ తర్వాతి పాలనకూ ముడి ఎక్కడ పడిందో చూద్దాం. ఆయుధాలు తీసేయడానికే వెళ్తున్నామని చెప్పినప్పుడు అది చిన్న పని, చౌక పని అని చూపించాల్సి వస్తుంది. దేశాన్ని పదేళ్లపాటు నడపాల్సి వస్తుందని అన్నారంటే ఓటు వేసేవాడు వెనకాడతాడు. అందుకే అలా అన్నవాళ్లను సహించలేకపోయారు. యుద్ధానికి 10 వేల కోట్ల నుంచి 20 వేల కోట్ల డాలర్లు ఖర్చు కావచ్చని బుష్ ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే 2002లో అన్నారు. ఆ ఏడాది డిసెంబరులో ఆయన పదవి పోయింది. లక్షలమంది సైనికులు కావాలని సైన్యాధిపతి జనరల్ ఎరిక్ షిన్సెకీ 2003 ఫిబ్రవరిలో సెనేట్ కమిటీకి చెబితే, రెండు రోజులు తిరక్కుండానే వుల్ఫోవిట్జ్ అది అర్థంలేని అంచనా అని బహిరంగంగా కొట్టిపారేశారు. ఇరాక్ చమురు డబ్బుతోనే ఇరాక్ బాగుపడుతుందని కూడా ఆయనే చెప్పారు. పునర్నిర్మాణానికి అమెరికా పెట్టేది 170 కోట్ల డాలర్లు మాత్రమేనని విదేశీ సహాయ సంస్థ అధిపతి టీవీలో చెప్పుకొచ్చారు. చివరికి ఒక్క ఇరాక్ యుద్ధం మీద అమెరికా ఖజానా నేరుగా పెట్టింది 80 వేల కోట్ల డాలర్లు దాటింది. లిండ్సే అంచనా కూడా తక్కువేనన్నమాట.

కొలువు పోయినవాడి చేతిలో తుపాకీ

బ్రెమర్ పక్షాన ఒక వాదన ఉంది, దాన్ని వినాలి. సైన్యాన్ని తాను రద్దు చేయలేదు, అది అప్పటికే యూనిఫాం విప్పి ఇంటికి వెళ్లిపోయింది, బ్యారక్‌లన్నీ దోపిడీకి గురయ్యాయి, లేని సైన్యాన్ని ఎలా పిలిపిస్తామని ఆయన అడిగేవారు. షియాలు, కుర్దులు ఎక్కువగా బలైపోయింది ఆ సైన్యం చేతిలోనే కాబట్టి దాన్ని తిరిగి నిలబెడితే వాళ్లు తిరగబడేవారని కూడా చెప్పారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కానీ సైన్యాన్ని ఉంచి వాడుకోవాలన్నది మార్చి 12న బుష్ సమక్షంలోనే ఒప్పుకున్న పథకం. బ్రెమర్‌కు ముందు వచ్చిన జే గార్నర్ దాని ప్రకారమే నడుస్తున్నారు. తిరిగి పనిలోకి రావడానికి సిద్ధపడ్డ అధికారులతో ఆయన మనుషులు మాట్లాడుతున్నారు. ఇంటికెళ్లిన సైనికుడికీ, నీకిక ఉద్యోగమూ లేదు, పింఛనూ లేదు అని కాగితం అందుకున్న సైనికుడికీ మధ్య ఉన్న తేడా జూన్ 18న బయటపడింది. జీతాల కోసం బాగ్దాద్‌లో గుమిగూడిన మాజీ సైనికుల మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. వారం తిరక్కముందే వాళ్లకు నెలవారీ భత్యం ఇస్తామని బ్రెమర్ ప్రకటించారు. డబ్బు ఇచ్చారు గానీ పని ఇవ్వలేదు. కోపం చల్లారలేదు.

బాత్ పార్టీ సభ్యత్వం సంగతి ఇంకా చిక్కయినది. సద్దాం కాలంలో స్కూలు హెడ్‌మాస్టరు కావాలన్నా, ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కావాలన్నా పార్టీ కార్డు ఉండాలి. నమ్మకంతో చేరినవాళ్లు కొందరైతే, ప్రమోషన్ కోసం చేరినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఉత్తర్వు ఆ తేడా చూడలేదు. అమలు బాధ్యత తర్వాత ఇరాక్ నాయకుల చేతికి, ముఖ్యంగా ప్రవాసం నుంచి తిరిగొచ్చిన అహ్మద్ చలబీకి వెళ్లాక అది పగ తీర్చుకునే పనిముట్టుగా మారింది. విద్యుత్ శాఖలో, నీటి సరఫరాలో, విశ్వవిద్యాలయాల్లో పని తెలిసిన మనుషులు లేకుండా పోయారు.

ఇంకోవైపు దేశమంతటా మందుగుండు డిపోలు కాపలా లేకుండా పడి ఉన్నాయి. షిన్సెకీ అడిగినంతమంది సైనికులు ఉంటే కాపలా పెట్టేవారేమో. ఉన్నవాళ్లు చమురు మంత్రిత్వ శాఖ భవనాన్ని కాపాడారు, జాతీయ మ్యూజియం దోపిడీ అయింది. పని పోయినవాళ్లున్నారు, పనితనం ఉంది, ఆయుధాలు ఊరికే దొరుకుతున్నాయి. ఆగస్టు 19న బాగ్దాద్‌లోని ఐక్యరాజ్య సమితి కార్యాలయం బాంబు దాడిలో కూలి సమితి ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియేరా డి మెల్లో సహా 20 మందికి పైగా చనిపోయారు. 2006 ఫిబ్రవరిలో సమర్రాలోని షియా ప్రార్థనా మందిరం గోపురం పేలిపోయాక దేశం సున్నీ, షియా అంతర్యుద్ధంలోకి జారిపోయింది.

పదేళ్ల తర్వాత ఇస్లామిక్ స్టేట్ పేరుతో వచ్చిన ముఠా సైనిక విభాగంలో సద్దాం కాలపు అధికారులు చాలామందే కనిపించారు. దాని వ్యూహకర్తల్లో ముఖ్యుడైన హాజీ బకర్ పాత సైన్యంలో కర్నల్. దాని నాయకుడు బగ్దాదీ 2004లో అమెరికా నడిపిన క్యాంప్ బుక్కా జైల్లో ఉన్నాడు. రెండో నంబరు ఉత్తర్వు వల్లే ఇదంతా జరిగిందనడం అతిశయోక్తి అవుతుంది. సిరియా అంతర్యుద్ధం, ప్రధాని నూరీ అల్ మాలికీ సున్నీలను తొక్కిపెట్టిన తీరు కూడా అందులో ఉన్నాయి. 2014 జూన్‌లో మోసుల్ నగరం ముఠా చేతికి పోయినప్పుడు కాగితం మీద తమకంటే ఎన్నో రెట్లు ఉన్న ఇరాక్ దళాలు పారిపోయాయి. ఆ ఏడాది చివర కొత్త ప్రధాని హైదర్ అల్ అబాదీ లెక్కలు తీయిస్తే సైన్యం జీతాల పట్టీలో 50 వేలమంది దొంగపేర్లు బయటపడ్డాయి. పాత సైన్యానికి మనుషులుండగా జీతం ఆపేశారు, కొత్త సైన్యంలో మనుషులు లేకుండానే జీతాలు పడ్డాయి.

ఆ జూన్‌లోనే ఇరాక్‌లో పనికి వెళ్లిన తెలంగాణ వలస కార్మికుల కుటుంబాలు ఇక్కడ అధికారుల చుట్టూ తిరిగాయి. మోసుల్‌లో అపహరణకు గురైన 39 మంది భారతీయ కార్మికులు, ఎక్కువమంది పంజాబ్ వాళ్లు, హత్యకు గురయ్యారని 2018లో గానీ నిర్ధారణ కాలేదు.

ఇరాక్ మీద యుద్ధంతో అందరికంటే ఎక్కువ లాభపడింది ఇరాన్. 8 ఏళ్లు యుద్ధం చేసీ కూలదోయలేకపోయిన శత్రువును అమెరికా కూలదోసి పెట్టింది. ఇరాన్‌లో తలదాచుకున్న షియా పార్టీల నాయకులు బాగ్దాద్ గద్దె ఎక్కారు. ఇది ఊహించడానికి గూఢచారి సంస్థలు అక్కర్లేదు, ఇరాక్ జనాభాలో షియాలే ఎక్కువ అన్న ఒక్క సంగతి చాలు.

నేల మీద ఎవరూ లేని యుద్ధం

ఇరాక్ నుంచి పాఠం నేర్చుకున్నామని 2011లో పాశ్చాత్య దేశాలు అనుకున్నాయి. నేర్చుకున్న పాఠం, నేల మీద కాలు పెట్టకూడదు అన్నది. ఆ ఫిబ్రవరిలో లిబియాలోని బెంఘాజీలో తిరుగుబాటు మొదలైంది. అప్పటికి కల్నల్ గడాఫీ పాలనకు 42వ ఏడు నడుస్తోంది. తిరుగుబాటుదారులను సందు సందునా వెతికి ఏరిపారేస్తానన్నాడు. అరబ్ లీగ్ కూడా జోక్యం కోరింది. మార్చి 17న భద్రతా మండలి 1973వ నంబరు తీర్మానం చేసింది. పదిమంది ఒప్పుకున్నారు. భారత్, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ ఓటు వేయలేదు. పౌరులను కాపాడటానికి అవసరమైన అన్ని చర్యలూ తీసుకోవచ్చు, విదేశీ ఆక్రమణ సేన మాత్రం దిగకూడదు అన్నది తీర్మానం సారం.

ఉద్దేశాలు ఇక్కడా కలగాపులగమే. ట్యునీషియా తిరుగుబాటులో పాత నియంత పక్షాన నిలిచి పరువు పోగొట్టుకున్న ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీకి మొహం నిలబెట్టుకోవాల్సిన అవసరం ఉంది. యూరప్‌కు వలసల భయం ఉంది. అమెరికాలో రువాండా మారణకాండను చేతులు కట్టుకుని చూశామన్న అపరాధభావం పనిచేసింది. బెంఘాజీలో ఊచకోత జరుగుతుందన్న భయం నిజమైనదేనని అప్పట్లో చాలామంది నమ్మారు. ఆ ముప్పును పెంచి చూపారని బ్రిటన్ పార్లమెంటు విదేశాంగ కమిటీ 2016లో తేల్చింది.

ఏప్రిల్ నెలలోనే అసలు మెలిక బయటపడింది. అమెరికా అధ్యక్షుడు ఒబామా, బ్రిటన్ ప్రధాని కామెరన్, సర్కోజీ ముగ్గురూ కలిసి పత్రికల్లో వ్యాసం రాశారు. గడాఫీని బలప్రయోగంతో తొలగించడం తమ పని కాదని ఒక వాక్యంలో, గడాఫీ అధికారంలో ఉండగా లిబియా భవిష్యత్తును ఊహించలేమని మరో వాక్యంలో చెప్పారు. మొదటి వాక్యం తీర్మానానికి కట్టుబడి రాసింది, రెండోది మనసులోది. అలా చెప్పాక గడాఫీ పోయిన మర్నాటి గురించి బహిరంగంగా ప్రణాళిక వేయడానికి వీల్లేదు. వేస్తే తీర్మానాన్ని దాటామని ఒప్పుకున్నట్టే. ఆఫ్రికా యూనియన్ తెచ్చిన కాల్పుల విరమణ ప్రతిపాదనకు గడాఫీ సరేనన్నా, తిరుగుబాటుదారులు తోసిపుచ్చారు, ఆ తీర్మానం పేరుతో లిబియా మీద విమానాలతో బాంబులు వేస్తున్న పాశ్చాత్య సైనిక కూటమి నాటో కూడా వాళ్లను ఒత్తిడి చేయలేదు. అక్టోబరు 20న సిర్తేలో గడాఫీ చనిపోయాడు, 31న నాటో తన పని పూర్తయిందని విమానాలు వెనక్కి పిలిచింది. లిబియా నేల మీద బాధ్యత వహించే విదేశీ సేన లేదు, శాంతి పరిరక్షక దళం లేదు. ఒక దేశం మొత్తానికి సంబంధించిన ఆయుధాగారాలు మాత్రం తెరుచుకుని ఉన్నాయి.

మళ్లీ జీతాల సంగతికే వద్దాం. ఇరాక్‌లో సాయుధులకు జీతం ఆపేస్తే, లిబియాలో కొత్త ప్రభుత్వం సాయుధులందరికీ జీతాలు మొదలుపెట్టింది. గడాఫీతో పోరాడినవాళ్లకు నెల నెలా డబ్బు ఇస్తామనేసరికి, పోరాడినవాళ్ల సంఖ్య యుద్ధమయ్యాక ఎన్నో రెట్లు పెరిగింది. ప్రతి ఊళ్లో ఒక ముఠా, ప్రతి ముఠాకూ ప్రభుత్వ ఖాతా నుంచి డబ్బు. 2013 మేలో సాయుధులు మంత్రిత్వ శాఖల చుట్టూ మోహరించి ఉండగా పార్లమెంటు రాజకీయ బహిష్కరణ చట్టం చేసింది. గడాఫీ కాలంలో పదవిలో ఉన్నవాళ్లంతా అనర్హులయ్యారు, తిరుగుబాటుకు నాయకత్వం వహించినవాళ్లలో కొందరితో సహా. అదే ఏడాది అక్టోబరులో ప్రధాని అలీ జీదాన్‌ను త్రిపోలీలోని హోటల్ గదిలోంచి ఎత్తుకుపోయి కొన్ని గంటలు బంధించారు. ఎత్తుకుపోయినవాళ్లు ప్రభుత్వ జీతం తీసుకుంటున్న ముఠావాళ్లే.

2014లో దేశం రెండు ప్రభుత్వాలుగా చీలింది. వింతేమిటంటే త్రిపోలీలోని కేంద్ర బ్యాంకు రెండు వైపులా ఉద్యోగులకు జీతాలు చెల్లిస్తూనే వచ్చింది. ఒకరినొకరు కాల్చుకుంటున్నవాళ్లు ఒకే ఖజానా నుంచి డబ్బు తీసుకున్నారు. చమురు ఉంది కాబట్టి చెల్లింది. యుద్ధం ఆగకపోవడానికీ, దేశం పూర్తిగా కుప్పకూలకపోవడానికీ ఇదే కారణమని అనుకోవాల్సి వస్తుంది.

గడాఫీ దగ్గర సైనికులుగా పనిచేసిన తువారెగ్ తెగవాళ్లు ఆయుధాలతో ఎడారి దాటి మాలీకి చేరారు. 2012 జనవరిలో అక్కడ తిరుగుబాటు, మార్చిలో సైనిక కుట్ర, ఆ మరుసటి ఏడాదికి ఫ్రాన్స్ సేనలు దిగడం. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహెల్ ప్రాంతం ఈనాటికీ తేరుకోలేదు. సిర్తే ఇస్లామిక్ స్టేట్ గుప్పిట్లోకి పోయిన 2015లో అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులు అపహరణకు గురై, ఏడాదికి పైగా బందీలుగా ఉండి 2016 సెప్టెంబరులో బయటపడ్డారు. 2023 సెప్టెంబరులో తుపాను వానకు డెర్నా పైన ఉన్న రెండు పాత ఆనకట్టలు తెగి వేలమంది కొట్టుకుపోయారు. మరమ్మతులు చేయించే ప్రభుత్వం ఏదో తేలకుండా ఏళ్లు గడిచిన చోట వాన పడటమే ఆలస్యం. లిబియాలో మర్నాటికి ప్రణాళిక లేకపోవడమే బహుశా తన పాలనలో అతిపెద్ద తప్పని ఒబామా 2016లో ఒప్పుకున్నారు.

బియ్యం జీతాలు

మానవ హక్కుల మాట ఎత్తకుండా సాగిన దండయాత్రలు 1970లలో జరిగాయి. పోల్ పాట్ నడిపిన కమ్యూనిస్టు పార్టీ ఖ్మేర్ రూజ్ పాలనలో కంబోడియాలో నాలుగేళ్లలోపే 15 నుంచి 20 లక్షలమంది చనిపోయారు. 1978 డిసెంబరు 25న వియత్నాం దండెత్తింది, జనవరి 7న రాజధాని నాంఫెన్ పడిపోయింది. వియత్నాంకు కంబోడియన్ల మీద జాలి కంటే సరిహద్దు బాధ ఎక్కువ. 1978 ఏప్రిల్‌లో వియత్నాంలోని బా చుక్ గ్రామం మీద ఖ్మేర్ రూజ్ పడి 3 వేలమందికి పైగా పౌరులను చంపింది. ఆత్మరక్షణ కోసమని వియత్నాం చెప్పుకుంది. వెనుక చైనా భయం, ఇండోచైనా తన నీడలో ఉండాలన్న కోరిక ఉన్నాయని అందరికీ తెలుసు.

స్వార్థంతో వెళ్లినవాళ్లు కాబట్టి అక్కడ ఉండాల్సి వస్తుందని వాళ్లకు తెలుసు. వెంట తెచ్చుకున్న హెంగ్ సమ్రిన్, హున్ సేన్ ఇద్దరూ ఖ్మేర్ రూజ్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లే. కింది స్థాయిలో పాత కార్యకర్తలను తీసుకోవడానికి కొత్త ప్రభుత్వం పెద్దగా వెనకాడలేదు. చదువుకున్నవాళ్లు ఎలాగూ మిగల్లేదు. పోల్ పాట్ డబ్బునే రద్దు చేశాడు, కేంద్ర బ్యాంకును పేల్చేశారు. 1980లో రియెల్ నోట్లు మళ్లీ వచ్చేదాకా ప్రభుత్వ ఉద్యోగులకు బియ్యమే జీతం. ఆ బియ్యం జీతం మీదే బడులు తెరుచుకున్నాయి. నైతికంగా ఇది ఇబ్బంది పెట్టే సంగతి, హంతకుల పార్టీలో పనిచేసినవాళ్లు మళ్లీ కుర్చీల్లో కూర్చున్నారు. పాలన మాత్రం నడిచింది.

దీనికి వియత్నాం చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. 1979 ఫిబ్రవరిలో చైనా దాడి చేసింది. పదేళ్లు సేనలు కంబోడియాలో చిక్కుకుపోయాయి, వేల సైనికులు పోయారు, దేశం ప్రపంచంలో ఒంటరైంది. ఐక్యరాజ్య సమితిలో కంబోడియా కుర్చీ ఊచకోత కోసిన ఖ్మేర్ రూజ్ పక్షానికే ఉంచేశారు. అమెరికా, చైనా, థాయిలాండ్ అందరూ దానికి వత్తాసు పలికారు. మానవతా జోక్యం గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఈ పేజీని తిప్పేసి ముందుకు పోతుంటారు. 1980 జులైలో హెంగ్ సమ్రిన్ ప్రభుత్వాన్ని గుర్తించిన కొద్ది దేశాల్లో ఇందిరా గాంధీ నాయకత్వంలోని భారత్ ఒకటి. 1989లో వియత్నాం సేనలు వెళ్లిపోయాయి. హున్ సేన్ మాత్రం 2023లో కొడుక్కి అప్పగించేదాకా కుర్చీ దిగలేదు. ఊచకోత ఆగింది, ప్రజాస్వామ్యం రాలేదు.

ఉగాండాలో ఇదీ దక్కలేదు. 1978 చివర ఈదీ అమీన్ సైన్యం టాంజానియాలోని కగేరా ప్రాంతాన్ని ఆక్రమించింది. టాంజానియా అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే దాన్ని వెళ్లగొట్టడంతో ఆగలేదు. 1979 ఏప్రిల్ 11న టాంజానియా సేనలు కంపాలాను పట్టుకున్నాయి. అమీన్‌ను కాపాడటానికి లిబియా నుంచి సేనలు పంపింది గడాఫీయే. ప్రవాసులతో హడావిడిగా కూర్చిన కొత్త ప్రభుత్వంలో మొదటి అధ్యక్షుడు యూసుఫ్ లూలే 68 రోజులే ఉన్నాడు. 1980 ఎన్నికలతో, అమీన్‌కు ముందు పాలించిన ఒబోటే తిరిగొచ్చాడు. మరో అంతర్యుద్ధం నడిచి, లువేరో ప్రాంతంలో మళ్లీ రక్తం పారాకే 1986లో ముసెవేని గెలిచాడు. ఇప్పటికీ ఆయనే ఉన్నాడు. పేద దేశమైన టాంజానియా ఆ యుద్ధ ఖర్చు నుంచి కోలుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

1971 బంగ్లాదేశ్ కథను వీటి పక్కన పెట్టి గొప్పలు చెప్పుకోవడం మనకు అలవాటు. కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి రావడంతో భారత్‌కు యుద్ధానికి తన సొంత కారణం ఉంది. డిసెంబరు 16న 93 వేలమంది లొంగిపోయారు, మూడు నెలల్లోపే భారత సేనలు తిరిగొచ్చేశాయి. అంత త్వరగా రాగలగడానికి కారణం ఢిల్లీ తెలివి కంటే 1970 ఎన్నికలు. తూర్పు పాకిస్తాన్‌లో రెండు సీట్లు తప్ప అన్నీ అవామీ లీగ్ గెలిచి ఉంది, ఏప్రిల్ నుంచే ప్రవాస ప్రభుత్వం నడుస్తోంది, పాలన తెలిసిన అధికారులు దానితో ఉన్నారు. అప్పగించడానికి చేతులు సిద్ధంగా ఉన్నాయి. అయినా మూడున్నరేళ్లకే ముజీబుర్ రెహమాన్ సొంత సైనికాధికారుల చేతిలో హతమయ్యారు.

చూస్తున్నవాళ్లు నేర్చుకున్నది

2003లో ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యం, దాదాపు 17 వేలమందిని పంపమని అమెరికా భారత్‌ను అడిగింది. సైన్యంలోనూ, ప్రభుత్వంలోనూ సరేనందామన్నవాళ్లు ఉన్నారు. ఐక్యరాజ్య సమితి స్పష్టమైన ఆదేశం లేనిదే పంపేది లేదని వాజపేయి ప్రభుత్వం జులై 14న తేల్చి చెప్పింది. ఎవరి ఆజ్ఞ కింద పనిచేయాలి, ఎంతకాలం ఉండాలి, ఎవరికి జవాబు చెప్పాలి అన్నవి అప్పుడు ఢిల్లీలో నలిగిన ప్రశ్నలు. వాషింగ్టన్ మార్చి కంటే ముందే వేసుకుని ఉండాల్సినవి అవే.

లిబియా దెబ్బ మొదట సిరియా మీద పడింది. పౌర రక్షణ పేరుతో ఒప్పుకుంటే ప్రభుత్వాన్నే మార్చేశారని రష్యా, చైనా 2011 అక్టోబరులో సిరియాపై తీర్మానాన్ని వీటో చేశాయి. ఆ తర్వాత అలాంటి వీటోలు వరసగా పడ్డాయి. అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్ తన జనం మీద బాంబులు వేస్తుంటే భద్రతా మండలి చేయగలిగింది ఏమీ లేకపోయింది. రష్యాకు ఎలాగూ అసద్‌ను కాపాడుకునే ఉద్దేశమే ఉండేది, లిబియా దానికి చేతికందిన సాకు. సాకును అందించింది మాత్రం నాటోయే.

రెండో దెబ్బ అణ్వాయుధాల చర్చల మీద పడింది. గడాఫీ 2003 డిసెంబరులో తన అణు, రసాయన ఆయుధ కార్యక్రమాలు వదిలేస్తానని ప్రకటించి పాశ్చాత్య దేశాలతో చెలిమి చేశాడు. 8 ఏళ్లు తిరగకుండా ఆ దేశాల విమానాలే అతని కాన్వాయ్ మీద బాంబులు వేశాయి. బాంబులు మొదలైన వారంలోనే, 2011 మార్చిలో, లిబియాను నిరాయుధం చేయడమే దాన్ని ఆక్రమించడానికి వేసిన ఎత్తు అని ఉత్తర కొరియా విదేశాంగ శాఖ ప్రకటన చేసింది. 2018లో ట్రంప్, కిమ్ భేటీకి ఏర్పాట్లు జరుగుతుండగా జాతీయ భద్రతా సలహాదారు జాన్ బోల్టన్ టీవీలో లిబియా నమూనా మన మనసులో ఉందని అన్నారు. ఆయన దృష్టిలో అది 2003 నాటి నిరాయుధీకరణ. ప్యాంగ్యాంగ్‌కు గుర్తొచ్చింది 2011 అక్టోబరు. మాటల యుద్ధం ముదిరి మే 24న ట్రంప్ సమావేశాన్ని రద్దు చేశారు, మళ్లీ కుదిరి జూన్ 12న సింగపూర్‌లో జరిగింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో హనోయ్‌లో రెండోసారి కలిసి, ఒప్పందం లేకుండానే లేచిపోయారు. ఆంక్షలు ఎంత తీయాలి, ఏ కేంద్రాలు మూయాలి అన్నదగ్గర చర్చ తెగిపోయిందని ఇరు పక్షాలూ చెప్పాయి. ఆయుధాలు వదిలాక తన ప్రభుత్వాన్ని ముట్టుకోరన్న హామీకి విలువెంత అన్న లెక్కను కిమ్ లిబియాను చూసే వేసుకుని ఉంటాడు. ఆ హామీని నమ్మదగినదిగా చేయగల మార్గమేదీ ఇంతవరకు వాషింగ్టన్‌కు దొరకలేదు.